విద్యార్థిని సమక్షంలో

పొట్నూరు హైమ నాటకాలు చూడ్డానికని ఇంగ్లండు వచ్చి వారం కావస్తోంది. ఈ వారంలో ఆమె ఒక జున్ను ఫ్యాక్టరీ చూసింది. ఒక కోటా, కోట పక్కనే ఉన్న చాక్లెట్ల దుకాణమూ చూసింది. నడుంనొప్పి తగ్గించే కుర్చీల షోరూములో ఒక పూటంతా గడిపింది. సూట్‌కేసులమ్మే బజారుకి రెండుసార్లు వెళ్లింది. రెండోసారి వెళ్లింది మొదటిసారి కొన్న సూట్‌కేసు మార్చుకోవడానికి. ఆ సూట్‌కేసు ఆమెది కాదు. నాటకం మాత్రం ఒక్కటీ చూడలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది.

హైమ చదివే రంగస్థల కళల విశ్వవిద్యాలయానికి ఆ ఏడు ఒక పథకం మంజూరైంది. నాటకశాఖ విద్యార్థులు ఎనిమిదిమంది విదేశం వెళ్లి, అక్కడొక నాటకబడిలో తర్ఫీదు పొంది, నాలుగు నాటకాలు చూసి రావాలి. పేర్లు ఖాయమయ్యాయి. పిల్లలు ఆ సంతోషంలో క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలు పంచుకున్నారు. ఆ తరవాత విషయం కమిటీకి వెళ్లింది.

ఎంపికైనవాళ్లలో ఆడపిల్లలున్నారు కనుక ఒక మహిళా అధికారి వెంట ఉండాలన్నారు. సబబే. డిప్యూటీ రిజిస్ట్రారు ప్రియంవద మేడమ్ పేరు చేరింది. ఉన్న సీట్లు ఎనిమిదే కనుక ఒక విద్యార్థి పేరు పోయింది. పరాయిదేశంలో ఖర్చుల వ్యవహారం చూడ్డానికి ఫైనాన్సు ఆఫీసరు మస్తాన్ వలీ గారు చేరారు. అక్కడి నాటకశాలల గోడల మందం చూసి రాకపోతే ఇక్కడ కట్టబోయే ఆడిటోరియం నిలవదని ఇంజనీరు గారు చేరారు. నేర్చుకున్నదానికి పరీక్ష పెట్టకపోతే నేర్చుకున్నట్టు ఎలా తెలుస్తుందని పరీక్షల కంట్రోలరు గారు, అన్నిటికీ ఫొటోలుండాలని పీఆర్వో, ఇంతమంది పెద్దలు కదిలితే రక్షణ మాటేమిటని చీఫ్ సెక్యూరిటీ ఆఫీసరు, వీళ్లందరి మీదా ఒక పెద్దదిక్కు ఉండాలని సాక్షాత్తూ రిజిస్ట్రారు నరసింహమూర్తి గారు. ఒక్కొక్క అధికారి బస్సెక్కినప్పుడల్లా ఒక్కొక్క విద్యార్థి దిగిపోయాడు.

చివరికి మిగిలిన ఒక్క పేరూ తీసేసి వైద్యాధికారిని వేద్దామనుకుంటుండగా లా సెక్షన్ అడ్డం పడింది. విద్యార్థి అనేవాడు ఒక్కడూ లేకపోతే దాన్ని అధ్యయన యాత్ర అనడం కష్టమనీ, ఆడిట్ వాళ్లు విహారయాత్ర అంటారనీ చెప్పింది. అంతటితో ఊరుకోకుండా ఒక ఉత్తర్వు కూడా రాయించింది: "విద్యార్థి సమక్షంలో జరిగిన ప్రతి కార్యక్రమమూ అధ్యయనముగాను, విద్యార్థి సమక్షంలో జరగని ప్రతి కార్యక్రమమూ సదరు అధికారి యొక్క సొంత సెలవుగాను పరిగణింపబడును."

ఆ ఒక్క విద్యార్థీ హైమ. ప్రతిభని బట్టి కాదు. అప్పటికి పాస్‌పోర్టు చేతికొచ్చింది ఆమె ఒక్కదానికే.

హైమది బొబ్బిలి దగ్గర పల్లె. మేనమామ పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ ఆమె తెర వెనక తిరిగింది. కిరీటానికి తగరం అంటించడం దగ్గర్నుంచి, రాత్రి రెండో జాములో రాజుకి గొంతు పోతే శొంఠి ఇవ్వడం దాకా అన్నీ ఆమెకి తెలుసు. తెర లేచే ముందు ఒక్క క్షణం జనం అంతా నోరు మూసుకుంటారు చూడండి, ఆ క్షణమంటే ఆమెకి ప్రాణం. అది ఇంకో దేశంలో, ఇంకో భాషలో ఎలా ఉంటుందో చూడాలని వచ్చింది.

వచ్చాక తెలిసింది, తను చూడ్డానికి రాలేదని, ఉండడానికి వచ్చిందని. కంట్రోలరు గారు జున్ను కొనాలంటే హైమ పక్కన నిలబడాలి. ఇంజనీరు గారు కుర్చీలో కూర్చుని నడుం నొక్కించుకోవాలంటే హైమ ఎదురుగా కూర్చోవాలి. ప్రియంవద మేడమ్‌కి చాక్లెట్లు కావాలి, సెక్యూరిటీ ఆఫీసరుకి కోట మీద ఫిరంగులు కావాలి. ఉన్నది ఒక్క విద్యార్థిని. అందుకని ఆమెని పంటకాలవ నీళ్లలా వంతులవారీగా వాడుకున్నారు. ఓ పొద్దున ఆమె తుమ్మితే ఏడుగురూ ఏడు రకాల మాత్రలు తెచ్చిచ్చారు. ఆమె మంచాన పడితే ఏడుగురికీ సెలవు ఖర్చవుతుంది మరి.

ఆ రోజు మాత్రం తప్పించుకోలేని కార్యక్రమం ఒకటి ఉంది. నాటకబడిలో తర్ఫీదు. పొద్దున శిక్షణ, మిట్టమధ్యాహ్నం విద్యార్థులు ఒక చిన్న ప్రదర్శన ఇవ్వాలి, ఆపైన బడికి ఎదురుగా ఉన్న పాత నాటకశాలలో మధ్యాహ్నం ఆటకి ఎనిమిది టిక్కెట్లు బడివాళ్లే తీసి ఉంచారు.

టిఫిన్ దగ్గర హైమ రిజిస్ట్రారు గారిని అడిగింది, మధ్యాహ్నం ఆటకి వెళ్లొచ్చా అని. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవర్నీ కాదనలేదు, ఎవరికీ అవుననీ అనలేదు. "పరిశీలనలో ఉంచుదాం అమ్మా," అన్నారు. మధ్యాహ్నం ఊరి బయట తగ్గింపు ధరల బజారుకి వెళ్లాలని ఏడుగురూ రాత్రే తీర్మానించుకున్నారు. హైమ లేకపోతే ఆ బజారు అధ్యయనం కిందికి రాదు. ఆమె టోస్టు ముక్క పళ్లెంలోనే వదిలేసి లేచింది.

నాటకబడి మేడలో పై అంతస్తు హాలు. చెక్క నేల, ఒక మూల పియానో, గోడవారగా పరుపులు. పాఠం చెప్పే ఆవిడ పేరు హారియట్. అరవై దాటిన మనిషి, తెల్లటి జుట్టు, కాళ్లకి చెప్పుల్లేవు. ఆవిడకి అందిన సమాచారం ప్రకారం వచ్చేది ఎనిమిదిమంది విద్యార్థులు. లోపలికి వచ్చినవాళ్లలో ఒకరికి పాతికేళ్లు, మిగతా ఏడుగురికీ యాభైకి పైన. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చదువుకి వయసేమిటి, మీ దేశాన్ని చూసి మేం నేర్చుకోవాలి అని అందరినీ కావలించుకుని, బూట్లు విప్పమంది.

తాము విద్యార్థులం కామని చెప్పాలా వద్దా అన్నది అక్కడ నిలబడే చర్చించారు. అధికారులమని చెబితే, మరి విద్యార్థులేరి అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు ఫైల్లో లేదు. మస్తాన్ వలీ గారు మెల్లగా బూట్లు విప్పారు. మిగతా ఆరుగురూ విప్పారు.

మొదట హాలంతా ఇష్టమొచ్చినట్టు నడవమంది ఆవిడ. ఎవరికి తోచిన దిక్కుకి వాళ్లు. రిజిస్ట్రారు గారు కిటికీవైపు నడిచారు. ఆయన వెనక డిప్యూటీ రిజిస్ట్రారు, ఆవిడ వెనక ఫైనాన్సు, ఆ వెనక కంట్రోలరు, హోదా వరసన రైలుపెట్టెల్లా అందరూ కిటికీకే నడిచారు. వేరే దిక్కుకి పొమ్మని హారియట్ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. రిజిస్ట్రారు గారు ఆగితే ఆగారు, తిరిగితే తిరిగారు. ఇది మీ సంప్రదాయ నృత్యమా అని ఆవిడ హైమని అడిగింది. ఔనంది హైమ.

తరవాత, ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, తక్కినవాళ్లు పట్టుకోవాలి. తోటివాళ్ల మీద నమ్మకం పెరగడానికట. సీనియారిటీ ప్రకారం ముందు పడిపోవలసింది రిజిస్ట్రారు గారే. ఆయన కళ్లు మూసుకున్నారు. వెనక ఆరుగురు నిలబడ్డారు. పడిపోయే అధికారిని పట్టుకోవడం ఏ విభాగం కిందికి వస్తుందని కంట్రోలరు గారికి సందేహం వచ్చింది. పడడం భద్రతకి సంబంధించిందన్నారు ఇంజనీరు గారు. నేల భవనాల విభాగానిది కదా అన్నారు సెక్యూరిటీ ఆఫీసరు. లిఖితపూర్వకంగా చెబితే తనకేం అభ్యంతరం లేదన్నారు ప్రియంవద మేడమ్. ఈలోగా రిజిస్ట్రారు గారు పడిపోయారు. పరుపు ఉంది కనుక సరిపోయింది. ఫొటో సరిగా రాలేదు, ఇంకోసారి పడమని పీఆర్వో అడిగాడు గానీ ఆయన ఒప్పుకోలేదు.

చివరగా, మాటల్లేకుండా ఒక్క చప్పుడుతో మనసులో ఉన్నది బయటపెట్టమంది హారియట్. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మస్తాన్ వలీ గారు ఏం చెయ్యాలో తోచక నిట్టూర్చారు. మామూలు నిట్టూర్పు కాదది. మార్చి నెలాఖరులన్నీ అందులో ఉన్నాయి. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, ఎప్పుడో గుంటూరులో హార్మోనియం నేర్చుకుంటానని మానేసిన సాయంత్రాలు అన్నీ ఉన్నాయి. హారియట్ కళ్లు తుడుచుకుని, నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇలాంటి ఊపిరి వినలేదంది. వలీ గారు కంగారుపడి, నేనేం చేశానమ్మా అని హైమని అడిగారు.

"నటించారు సార్," అంది హైమ.



ఇక ప్రదర్శన. బడిలో చదివే పిల్లలూ, పంతుళ్లూ ఓ యాభైమంది కింది హాల్లో కూర్చున్నారు. భాష గురించి దిగులొద్దు, మీ బతుకులోంచి ఒక సన్నివేశం మీ తెలుగులోనే చెయ్యండి అంది హారియట్. పొద్దుట్నుంచి నోరెత్తకుండా ఉన్నావు, నువ్వే నడిపించు అని హైమ భుజం తట్టింది.

ఏడుగురూ హైమ వైపు చూశారు. మాకు నాటకాలు రావమ్మా, మా పరువు నీ చేతుల్లో ఉందన్నారు రిజిస్ట్రారు గారు. హైమ ఒక్క నిమిషం ఆలోచించింది. ఎదురుగా కిటికీలోంచి ఆ పాత నాటకశాల కనిపిస్తోంది. గుమ్మం దగ్గర అప్పుడే జనం చేరుతున్నారు.

"మీరేం నటించక్కర్లేదు సార్. వరసగా ఏడు బల్లలు వేసుకుని కూర్చోండి. ఒక అమ్మాయి నాటకం చూడ్డానికి అనుమతి అడుగుతుంది. మీరు రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి," అంది.

అలా మొదలైంది. హైమ మొదటి బల్ల దగ్గరికి వెళ్లి, నాటకం చూస్తానండీ అంది. పీఆర్వో తలెత్తకుండా, చీకట్లో ఫొటోలు పడవు, ఫొటో పడనిది జరిగినట్టు కాదు, పక్క బల్లకి వెళ్లు అన్నాడు. సెక్యూరిటీ ఆఫీసరు, నాటకం మొదలవగానే దీపాలెందుకు ఆర్పుతారని నిలదీశారు. మంచి ఉద్దేశమున్నవాళ్లు దీపాలు ఆర్పరన్నారు. ప్రేక్షకుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ముక్క అర్థం కాకపోయినా ఆయన వేలు ఊపిన తీరుకే నవ్వారు.

సెక్యూరిటీ ఆఫీసరు ఉలిక్కిపడి చూశారు. ఆయన అభ్యంతరం చెబితే ఎదుటివాళ్లు ఏడవడం చూశారు గానీ నవ్వడం ఎన్నడూ చూడలేదు. ఆయన మొహం విచ్చుకుంది. వేలు ఇంకోసారి ఊపారు. మళ్లీ నవ్వు.

ఇది చూసి ఇంజనీరు గారు సర్దుకుని కూర్చున్నారు. ఆ భవనం కట్టి మూడొందల ఏళ్లయిందట, ఇన్నాళ్లు పడలేదంటే ఇక పడే రోజు దగ్గరపడినట్టే కదా అన్నారు. కంట్రోలరు గారు లేచి నిలబడి మరీ అడిగారు: నాటకం చూశాక ఫెయిలైతే సప్లిమెంటరీ నాటకం ఎవరు వేస్తారు? ప్రియంవద మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని, విషాదాంతమైతే నువ్వు ఏడుస్తావు, విశ్వవిద్యాలయం సొమ్ముతో ఏడవడానికి ఏ పద్దు కింద వీలుందో చెప్పమన్నారు. మస్తాన్ వలీ గారు ఏమీ అనలేదు. మెడ కొంచెం పక్కకి వాల్చి, పొద్దుటి నిట్టూర్పు మళ్లీ నిట్టూర్చారు. హాలు గొల్లుమంది. వెనక వరసలవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు.

హైమ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి, అక్కణ్నుంచి మళ్లీ మొదటి బల్లకి తిరుగుతోంది. మొదట నాటకంగానే తిరిగింది. నాలుగో చుట్టులో కాళ్లు నిజంగానే నొప్పెట్టాయి. కిటికీలోంచి చూస్తే ఎదుటి గుమ్మం ముందు జనం లోపలికి వెళ్లిపోతున్నారు. ఆమె వచ్చి ఆఖరి బల్ల ముందు, రిజిస్ట్రారు గారి ఎదుట నిలబడింది. చెప్పాలనుకున్న హాస్యపు మాట ఒకటుంది. అది నోటికి రాలేదు.

"నాకు జున్నొద్దు, కుర్చీలొద్దు సార్," అంది. "తెర లేచేముందు ఒక్క క్షణం ఉంటుంది చూడండి. అందుకోసం ఇంత దూరం వచ్చాను. పంపించండి."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. యాభైమందీ రిజిస్ట్రారు గారినే చూస్తున్నారు.

ఆయన నోట్లో 'పరిశీలిద్దాం' అన్న మాట సిద్ధంగానే ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడే కాపురముంటున్న మాట. కానీ ఆ నిశ్శబ్దం ఆయనకి కొత్త. ఇంతమంది తన నోటి మాట కోసం ఊపిరి బిగబట్టి ఎప్పుడూ కూర్చోలేదు. ఇక్కడ 'పరిశీలిద్దాం' అంటే బాగుండదని, నాటకం అంటే ఏమిటో తెలియని ఆ మనిషికి కూడా తోచింది. కుర్చీలోంచి లేచారు. కండువా లేకపోయినా భుజం మీద సవరించుకున్నారు.

"వెళ్లిరా అమ్మా. అనుమతించడమైనది," అన్నారు.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ఏడుగురు అధికారులూ చేతులు పట్టుకుని వంగి నమస్కారం పెట్టారు. హారియట్ పెట్టమన్నది ఒక్కసారే. వాళ్లు నాలుగుసార్లు పెట్టారు.

గ్రీన్‌రూములోకి రాగానే హైమ తన సంచీ తీసుకుని, వెళ్లొస్తాను సార్ అంది. ఎక్కడికన్నారు రిజిస్ట్రారు గారు. నాటకానికి, మీరు అనుమతించారు కదా అంది. అది నాటకంలో అన్న మాట కదమ్మా, బస్సు బజారుకి సిద్ధంగా ఉందన్నారు ఆయన. మిగతావాళ్లు తలలూపారు. అప్పుడు మస్తాన్ వలీ గారు గొంతు సవరించుకున్నారు.

"తమరు మన్నించాలి. అనుమతించింది ఎవరు? అధికారం ఉన్నవారే. ఎక్కడ? విద్యార్థిని సమక్షంలో. సాక్షులు యాభైమంది. ఒకసారి ఇచ్చిన అనుమతిని కారణం చూపకుండా రద్దు చెయ్యడానికి మన నిబంధనల్లో వీల్లేదు. కారణం 'నేను నటించాను' అని చూపిస్తే, మనం ఆఫీసులో ఇచ్చినవన్నీ కూడా తిరగదోడతారు."

ఈ చివరిమాట అందరికీ గట్టిగా తగిలింది. అయితే ఆ అమ్మాయి నాటకానికి వెళ్తే, తామంతా విద్యార్థిని లేకుండా బజారుకి వెళ్లినట్టవుతుంది. అది సొంత సెలవు. కంట్రోలరు గారికి సెలవులు మిగల్లేదు కూడా. సంక్షోభం ఎంతకీ తెమలకపోయేసరికి ఉన్న ఒకే ఒక్క దారిలో అందరూ నడిచారు. రోడ్డు దాటి, హైమ వెనక, హోదా వరసన, నాటకశాలలోకి.

ఏడుగురూ హోదా వరసన సీట్లు సర్దుకునేలోపే తెర లేచిపోయింది, ఆ క్షణం హైమకి దక్కలేదు. నాటకం ఒక నది ఒడ్డున పడవ నడుపుకునే అక్కచెల్లెళ్లది. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ని నేనేనంటూ ఒకతను వస్తాడు. చెల్లెలు నమ్ముతుంది. అక్క నమ్మదు. అతనేమో ఏది అడిగినా సగం సగం చెబుతాడు. చివరికి అక్క అంటుంది, అమ్మ పడవ తోస్తూ పాడే పాట పాడు, పాడితే ఈ ఇల్లు నీది. అతను నోరు తెరుస్తాడు. అంతే, తెర పడింది. దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టి లేచారు.

అధికారులు కూడా చప్పట్లు కొట్టి లేచారు. క్లుప్తంగా బాగుందన్నారు రిజిస్ట్రారు గారు. ఇంకా పొద్దుంది, బజారు అందుకోవచ్చన్నారు ఇంజనీరు గారు. అది విరామమని, ఇంకా సగం ఉందని హైమకి తెలుసు. చెప్పబోయింది. ఈలోపలే వాళ్లు వరస కట్టి బయటికి నడిచేశారు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకూడదని విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరమే నేర్పుతారు. హైమ మళ్లీ కూర్చుంది.

బస్సెక్కాక తలలు లెక్కపెట్టుకుంటే గానీ విషయం బయటపడలేదు. ఏడుగురు ఉన్నారు, చదువు లేదు. సెక్యూరిటీ ఆఫీసరు పరుగున వెళ్లారు. గుమ్మం దగ్గర నెరిసిన మీసాల కాపలాదారు ఆయన్ని ఆపి, రెండో భాగం మొదలైంది, మొదలయ్యాక తలుపులు తెరవకూడదని మా నిబంధన అన్నాడు. లోపలున్నది మా విద్యార్థిని అని చెప్పబోయిన సెక్యూరిటీ ఆఫీసరు, నిబంధన అన్న మాట వినగానే అప్రయత్నంగా మడమలు కలిపి సెల్యూట్ కొట్టి తిరిగొచ్చేశారు.

బయట సన్నటి వాన మొదలైంది. బస్సు కదలడానికి వీల్లేదు. దిగి కాఫీ తాగడానికి కూడా వీల్లేదు, అది విద్యార్థిని సమక్షంలో జరిగే కాఫీ కాదు. ఏడుగురూ అద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ కూర్చున్నారు. వాళ్లు రాసుకున్న ఉత్తర్వు వాళ్లని అక్కడ కుదేసి కూర్చోబెట్టింది.

లోపల హైమకి అటూ ఇటూ ఏడు సీట్లు ఖాళీ. వారం రోజుల్లో మొదటిసారి ఆమె పక్కన ఎవరూ లేరు. దీపాలు ఆరాయి. దగ్గులు ఆగాయి, చాక్లెట్ కాగితాల గరగరలు ఆగాయి. ఆ క్షణం వచ్చింది. బొబ్బిలి దగ్గర పల్లెలో ఎలా వచ్చేదో అలాగే వచ్చింది, ఏమీ తేడా లేదు. ఆమెకి ఒళ్లు జలదరించింది. నవ్వొచ్చింది. చీకట్లో ఒక్కతీ నవ్వుకుంటూ కూర్చుంది. తెర లేచింది.

ఆమె బయటికొచ్చేసరికి వాన వెలిసి, రోడ్డు మీద తడి ఎండ మెరుస్తోంది. తిట్లు తప్పవనుకుంటూ బస్సెక్కింది. ఏడుగురూ తలలు తిప్పి చూశారు. బజారు మూసే వేళ అయిపోయిందని కంట్రోలరు గారు గొణిగారు. క్రమశిక్షణ అనే మాటతో ప్రియంవద మేడమ్ ఏదో మొదలుపెట్టారు. బస్సు కదిలింది. రిజిస్ట్రారు గారు చెయ్యెత్తి మేడమ్‌ని ఆపి, హైమ వైపు వంగారు.

"ఇంతకీ పాడాడా?" అన్నారు.

మిగతా ఆరుగురూ కూడా ముందుకి వంగారు. ఇంతసేపూ వాళ్లు ఆ వానలో కూర్చుని మాట్లాడుకున్నది ఆ ఒక్క విషయమేనని హైమకి అప్పుడర్థమైంది. నోటితో చెప్పబోయి, ఆగి, సంచీ సీటు మీద పెట్టి లేచి నిలబడింది. సీట్ల మధ్య ఉన్న ఆ సందులోనే చెయ్యడం మొదలుపెట్టింది. అక్క అయింది, చేతులు కట్టుకుని. అతనయింది, తల వంచుకుని. అంతా తెలుగులోనే.

అతను నోరు తెరిచాడు. పాట రాలేదు. అతనికి ఆ పాట తెలియదు. అతను తమ్ముడు కాడు. ఎక్కడో ఎవరూ లేక, దారిలో ఈ కథ విని, ఆశ పుట్టి వచ్చినవాడు. తలుపు వైపు తిరిగాడు. అప్పుడు చెల్లెలు మెల్లగా ఆ పాట ఎత్తుకుంది, అతనికి వినబడేలా, ఒక్కొక్క ముక్కా నేర్పుతున్నట్టు. ఆ ఇంగ్లీషు పాట హైమకి గుర్తులేదు. తన ఊళ్లో నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు తీసే రాగం తీసింది. అతను తడబడుతూ అందుకున్నాడు. తప్పులు పాడాడు. అక్క చాలాసేపు అలాగే నిలబడి, లోపలికి వెళ్లి మూడో కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది.

హైమ ఆ కంచం పెట్టి నిలబడిపోయింది.

కంట్రోలరు గారు ముందుగా తేరుకున్నారు. అంటే గుర్తింపు ఏమీ లేకుండానే, ఒరిజినల్స్ చూడకుండానే ఇంట్లో పెట్టుకున్నారా అని అడిగారు.

"అన్నం పెట్టేశారు సార్," అంది హైమ.

ఏడుగురు అధికారులు ఆ విషయం మీద ఆలోచించారు. దానిలో ఎన్ని అభ్యంతరాలున్నాయో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు భూమ్మీద లేరు. ఎవరూ ఒక్కటీ లేవనెత్తలేదు. మస్తాన్ వలీ గారు కిటికీ వైపు తిరిగి, "మంచి పని చేశారు," అన్నారు.

బయట చీకటి పడుతుండగా డ్రైవరు బస్సులో దీపాలు వేసి, వెనక్కి తిరిగి, హోటల్ వచ్చి చాలాసేపయిందండీ అన్నాడు. నిజమే, ఇంజను కూడా ఆపేశాడు. ఎవరూ లేవలేదు.

"ఆ పాట దగ్గర్నుంచి మళ్లీ ఒక్కసారి చెయ్యమ్మా," అన్నారు ప్రియంవద మేడమ్. రిజిస్ట్రారు గారు వెనక్కి వాలి కూర్చుంటూ డ్రైవరుతో, కాసేపు ఆ దీపాలు ఆర్పవయ్యా అన్నారు.